చెంప మీద కురుపుకి పన్ను డాక్టరెందుకు?

ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఉత్తరమిది. రాసినావిడ పేరు వద్దన్నారు. వయసు 24. ఇంట్లో తెలుగు, చదివింది ఒడియా మీడియం, ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. ఏడాదిన్నర కిందట ఎడమ దవడ అంచు మీద మొటిమలాంటిది లేచింది. పగిలి, కాస్త చీమూ నెత్తురూ కారి, పక్కు కట్టి ఎండిపోయింది. మూడు వారాలకి మళ్ళీ అక్కడే లేచింది. అప్పటి నుంచీ ఇదే వరస. నొప్పి మాత్రం లేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు నాలుగు విడతలు యాంటీబయాటిక్ మాత్రలిచ్చారు. వేసుకున్నన్నాళ్ళు ఆరుతుంది, ఆపితే కారుతుంది. పోయిన దసరాకి ఒక సర్జను కొవ్వు గడ్డ అని కోసి తీసి మూడు కుట్లు వేశారు. రెండు నెలలు తిరక్కుండా ఆ కుట్టు గీతలోంచే రసి మొదలైంది. ఇంకో డాక్టరు మాంటూ పరీక్ష (టీబీ కోసం చేతికి సూది వేసి వాపు కొలిచేది) రాస్తే 14 మిల్లీమీటర్లు వచ్చింది. దాంతో ఇంట్లో టీబీ భయం పట్టుకుంది.

టెక్కలి నుంచి ఒక సంబంధం వచ్చింది. రథయాత్ర వెళ్ళాక చూపులకి వస్తామన్నారు, ఇంకా ఏడు వారాలుంది. ఈలోగా మళ్ళీ కోయించి నున్నగా కుట్టించేద్దామని పెద్దమ్మ, టీబీ మందులు మొదలుపెట్టేయమని బాబాయి. తోటి టీచరొకామె పళ్ళు చూపించుకోమంది. పదో తరగతిలో ఎడమ వైపు కింది దవడ పన్నుకి సిమెంటు వేయించుకున్నారట. కానీ స్కూల్లో జరిగిన క్యాంపులో డెంటిస్టు టార్చి వేసి చూసి పిప్పి లేదన్నారు. వాళ్ళమ్మగారేమో "నొప్పి లేని పన్ను పీకించుకుంటారేటి? దవడ పళ్ళు పీకిస్తే చూపు మందగిస్తాది" అంటున్నారు. ఉత్తరం చివర, సిగ్గుపడుతూనే, ప్లస్ టూ నుంచి రోజుకి రెండుసార్లు గుడాకు అనే పొగాకు ముద్దతో పళ్ళు తోముకుంటున్నానని రాశారు. అమ్మమ్మగారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, మేనమామకి డయాలసిస్ జరుగుతోందట. ఇది టీబీయా, మళ్ళీ కోయించుకోవాలా, పెళ్ళివారికి చెప్పాలా, మచ్చకి ఏ క్రీము రాయాలి అని అడుగుతున్నారు.

జవాబు:

మీరు పంపిన కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది అడుగున పెట్టిన బయాప్సీ రిపోర్టు. ఆపరేషన్‌లో తీసిన ముక్కలో దీర్ఘకాలిక వాపు కణజాలం మాత్రమే ఉందని అందులో రాశారు. నిజంగా కొవ్వు గడ్డో, చర్మం కింద కట్టే తిత్తో అయితే కొవ్వు కణాలో తిత్తి గోడో కనబడాలి. ఆ రెండింటి ఊసే లేదు. టీబీలో సాధారణంగా కనిపించే గ్రాన్యులోమాలనే కణాల ముద్దలూ లేవని స్పష్టంగా రాశారు. అంటే సర్జను తీసింది జబ్బుని కాదు, లోపలెక్కడో ఉన్న చీము బయటికి రావడానికి చేసుకున్న దారి మూతిని. ఆ దారి మొదలు ఎక్కడుందో ఇంతవరకూ ఎవరూ వెతకలేదు. మీ కాగితాల్లో పళ్ళ ఎక్స్‌రే ఒక్కటీ లేదు.

ఉత్తరం చదివి జబ్బు తేల్చడం కుదరదు, కానీ ముందు ఎక్కడ వెతకాలో చెప్పగలను. దవడ అంచు మీద ఒకేచోట పదేపదే తెరుచుకుని మూసుకునే పుండు, నొప్పి లేకపోవడం, కోసినా తిరిగి రావడం, అదే వైపు పాత సిమెంటు పన్ను. ఇవన్నీ కలిస్తే మొదటి అనుమానం చచ్చిపోయిన పన్ను మీదే. తోటి టీచరుగారు సరిగ్గానే చెప్పారు.

అది ఎలా జరుగుతుందో తెలిస్తే మిగతావి అర్థమవుతాయి. పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తటి గుజ్జు ఉంటుంది. సిమెంటు వేయకముందే పిప్పి లోతుగా దిగి ఉంటే ఆ గుజ్జు ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా చచ్చిపోవచ్చు. చచ్చిన గుజ్జులో చేరిన క్రిములు వేరు కొసలోంచి ఎముకలోకి దిగి అక్కడ చీము గూడు కట్టుకుంటాయి. ఆ చీము ఎముకని తొలుచుకుని బయటికి దారి వెతుక్కుంటుంది. చెంప కండరం దవడ ఎముకకి అంటుకునే గీత ఒకటుంటుంది. వేరు కొస ఆ గీతకి పైనుంటే చీము చిగురు మీద పొక్కులా నోట్లోకి తేలుతుంది. కిందుంటే నోట్లోకి దారి లేదు కనుక చర్మం మీద తేలుతుంది. ఇలాంటి పుండ్లలో ఐదింట నాలుగు కింది దవడ పళ్ళవే. చీము కారిపోతూ ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరగదు, ఒత్తిడి లేకపోతే నొప్పీ ఉండదు. పన్ను మీద ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం అదే. నొప్పి లేదు కనుక పన్ను మంచిదనే అమ్మగారి లెక్క ఇక్కడ పనిచేయదు. చచ్చిన పన్ను నొప్పి పెట్టకుండానే ఉండిపోవచ్చు.

మాత్రలు వేసుకుంటే ఎందుకు ఆరుతుందంటే, మందు రక్తంతో వెళుతుంది, వేరు చుట్టూ ఎముకలో ఉన్న క్రిములని కొంత అణుస్తుంది. పన్ను లోపల రక్తప్రసరణే లేదు కాబట్టి అక్కడికి మందు చేరదు. కోర్సు అయిపోగానే లోపలివి మళ్ళీ బయటికొస్తాయి. ఐదో విడత మాత్రలు వేసుకున్నా ఇదే జరుగుతుంది, పైగా నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని ఎడమ చెంప లోపలి నుంచి, చిగురుకీ చెంపకీ మధ్య చూపుడువేలు పెట్టండి. బయట పుండు పక్కన బొటనవేలు ఆనించి మధ్యలో కండని మెల్లగా అటూ ఇటూ దొర్లించండి. పుండు నుంచి ఎముక వైపు సన్నటి తాడులా గట్టిగా ఏదైనా తగిలితే అది చీముదారి. తగలకపోతే పన్ను కాదని కాదు, డాక్టరు వేలికి తగలొచ్చు. పుండుని పిండకండి, పిన్నీసులాంటివి లోపలికి దూర్చకండి. సున్నం, పసుపు పట్టించడం, చెంప మీద వేడి కాపడం పెట్టడం కూడా మానేయండి. బయట వేడి పెట్టే కొద్దీ చీము చర్మం వైపే వస్తుంది. శుభ్రమైన నీళ్ళతో కడిగి పొడి గాజుగుడ్డ వేసుకుంటే చాలు.

క్యాంపులో టార్చి వేసి చూసిన డాక్టర్ని తప్పుపట్టలేం. చచ్చిన పన్ను పైకి బాగానే కనిపిస్తుంది. మీరు అడగాల్సిన పరీక్షలు ఇవీ. మొదటిది చల్లదనం పరీక్ష. మంచుతో గానీ స్ప్రేతో గానీ అనుమానమున్న పన్నుని, దాని పక్క పళ్ళని, కుడివైపు అదే పన్నుని ఒక్కొక్కటిగా తాకిస్తారు. మిగతావి జివ్వుమని, అదొక్కటే ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అది చచ్చినట్టే. రెండోది ఆ పన్నుకి దగ్గరగా తీసే చిన్న ఎక్స్‌రే, వీలైతే దవడ మొత్తం కనబడే ఓపీజీ. వేరు కొస దగ్గర నల్లటి నీడ కనబడాలి. ఆ నీడ కనబడటానికి అక్కడి ఎముకలో మూడో వంతైనా కరిగి ఉండాలి, కాబట్టి ఫిల్ము బాగుంటే పన్ను బాగున్నట్టని తేల్చేయకూడదు. మూడోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. పుండు నోట్లోంచి గట్టా పర్చా అనే సన్నని పుల్లని ఆగినంతవరకూ మెల్లగా పంపి, అది లోపలుండగానే ఎక్స్‌రే తీస్తారు. ఫిల్ములో ఆ తెల్లటి గీత వెళ్ళి ఏ వేరు దగ్గర ఆగితే దొంగ ఆ పన్నే. ఐదు నిమిషాల పని. ఏడాదిన్నరలో ఎవరైనా ఇది చేసుంటే మీకు ఆ మూడు కుట్లు తప్పేవి.

సిమెంటు పన్ను మీదే దృష్టి పెట్టి పక్కవి వదిలేయొద్దని కూడా డాక్టరుకి చెప్పండి. దాని ముందున్న చిన్న దవడ పళ్ళలో కొందరికి పుట్టుకతోనే నమిలే వైపు మీద అన్నం మెతుకంత బుడిపె ఉంటుంది. అందులోకి లోపలి గుజ్జు చొచ్చుకుని ఉంటుంది. నములుతుంటే ఆ బుడిపె అరిగో విరిగో దారి తెరుచుకుంటే పిప్పి లేకుండానే పన్ను చచ్చిపోతుంది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి దవడ కొట్టుకున్నా ఇలాగే జరగొచ్చు. అలాంటిదేమైనా గుర్తుంటే చెప్పండి.

ఇప్పుడు టీబీ సంగతి. మాంటూ 14 రావడం అంటే ఎప్పుడో టీబీ క్రిమి మీ ఒంట్లోకి వచ్చి ఉండొచ్చని మాత్రమే. మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామందికి ఇది పాజిటివ్‌గానే వస్తుంది. దీన్ని పట్టుకుని ఆరు నెలల మందులు మొదలుపెట్టకూడదు. అవి కాలేయం మీద భారం వేసే మందులు, పైగా పన్ను సంగతి అలాగే ఉండిపోతుంది. అలాగని టీబీ అసలు లేదని నేను అనను. పళ్ళన్నీ సరిగా పరీక్షించాక ఏ పన్నూ దొరక్కపోతే, మెడలో బిళ్ళలు తగిలితే, బరువు తగ్గుతుంటే, సాయంత్రం జ్వరం వస్తుంటే అప్పుడు చీముని టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్షకి పంపాలి. సర్కారు ఆసుపత్రుల్లో ఆ పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. చీములో పసుపు రంగు ఇసుక రేణువుల్లాంటివి కనబడితే అది ఇంకో జబ్బు, ఆక్టినోమైకోసిస్ కావచ్చు. దానికి నెలల తరబడి పెన్సిలిన్ కావాలి. గాజుగుడ్డ మీద అలాంటివి కనిపిస్తే ఆ గుడ్డ పారేయకుండా డాక్టరుకి చూపించండి.

పన్నే అని తేలాక మీ ముందు రెండు దారులుంటాయి. వాటిలో ఏదైనా పెద్దమ్మగారు చెప్పిన రెండో ఆపరేషన్ కన్నా నయం. మూలం లోపల ఉండగా పైన ఎంత నున్నగా కుట్టినా ఆ కుట్టు మళ్ళీ తెగుతుంది, మచ్చ ఇంకొంచెం వెడల్పవుతుంది.

మొదటి దారి రూట్ కెనాల్. పన్ను పైభాగం గట్టిగా ఉండి, వేరు నిలువునా పగలకపోతే నేను దీనివైపే మొగ్గుతాను. రెండు మూడు సిట్టింగులు పడుతుంది. మత్తు సూది ఇచ్చాక పెదవి, గడ్డం రెండు మూడు గంటలు మొద్దుబారతాయి. ఆ మత్తు పూర్తిగా దిగేవరకూ ఏదీ నమలకండి, తెలియకుండా పెదవి కొరుక్కుంటారు. పన్నుని రబ్బరు షీటుతో విడదీసి, ఫైళ్ళు అనే సన్నటి ఆకురాయి సూదులతో లోపలి దారులు శుభ్రం చేసి, క్రిములని చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, ఒకటి రెండు వారాలు కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద పెట్టి ఉంచుతారు. దారులు శుభ్రమైతే పుండు తనంతట తానే మూసుకుంటుంది. చాలామందిలో ఒకటి రెండు వారాల్లోనే. చర్మం మీద వేరే ఆపరేషనేదీ అక్కర్లేదు. మీ ఏడు వారాల గడువుకి ఇది సరిపోతుంది, ఈ వారమే వెళితే.

ఇందులో ఎక్కడ తేడా వస్తుందో కూడా తెలుసుకోండి. కింది మొదటి దవడ పన్నుకి మామూలుగా మూడు దారులు. నాలుగు ఉండటమూ అరుదేం కాదు. కొందరికి నాలుక వైపు అదనంగా ఒక చిన్న వేరు కూడా ఉంటుంది. ఒక్క దారి వదిలేసినా పుండు మళ్ళీ తెరుచుకుంటుంది. ఫైలు కొస లోపల విరగడం మంచి డాక్టర్ల చేతుల్లోనూ జరిగేదే. అంతమాత్రాన పన్ను పోయినట్టు కాదు, కానీ విరిగితే మీకు చెప్పి కాగితం మీద రాయాలి. హైపోక్లోరైట్ ఒత్తిడితో వేరు దాటి పోతే అప్పటికప్పుడే భరించలేని మంట, నిమిషాల్లో వాపు వస్తాయి. అలా అనిపిస్తే ఓర్చుకోకుండా చెయ్యెత్తండి. ఇక రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వేయించకుండా వదిలేయడం మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. గుజ్జు తీసిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది, ఏ జీడిపప్పో చేగోడీయో కొరికిన రోజు నిలువునా పగులుతుంది. రూట్ కెనాల్‌కెంత, లోపల కట్టే సిమెంటుకెంత, క్యాప్‌కెంత అని మూడూ కలిపి ముందే అడగండి. ఒక్కోసారి మొదట చెప్పే రేటులో క్యాప్ ఉండదు.

రెండో దారి పన్ను తీయించడం. పన్ను పగిలిందనో, క్యాప్ నిలవదనో డాక్టరు చూపిస్తే ఇదే సరైనది. ఒక్క పూటలో అయిపోతుంది, పుండూ మూసుకుంటుంది. చూపు మందగిస్తుందన్న భయం అక్కర్లేదు. కింది పళ్ళ నరం దారి వేరు, కంటి చూపు నరం దారి వేరు. అసలు జాగ్రత్త పడాల్సింది ఆ కింది నరం గురించే. దవడ ఎముకలో ఆ నరం ఉండే కాలువ వేర్లకి ఎంత దగ్గరగా ఉందో ఓపీజీలో చూసుకోకుండా పీకించుకోవద్దు. నరం నలిగితే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, కొద్దిమందికి ఉండిపోతుంది. ఇంకో ఇబ్బంది తర్వాత తెలుస్తుంది. ఖాళీలోకి పక్క పన్ను ఒరుగుతుంది, పైపన్ను కిందికి జారుతుంది. దాన్ని పూడ్చడానికి మూడు నాలుగు నెలల తర్వాత ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చు. లేదంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళని అరగదీసి బ్రిడ్జి వేస్తారు. ఆ ఖర్చు కలిపి చూస్తే రూట్ కెనాల్ కన్నా చవకేమీ కాదు.

తీయించుకుంటే ఆ రోజు గాజుగుడ్డ 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోండి. మొదటి 24 గంటలు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. గుంటలో గడ్డకట్టిన నెత్తురే అక్కడ కట్టు. అది ఊడిపోతే సాధారణంగా రెండో మూడో రోజున చెవిదాకా పొడుచుకొచ్చే నొప్పి, నోటి దుర్వాసన మొదలవుతాయి. దాన్ని డ్రై సాకెట్ అంటారు. యాంటీబయాటిక్‌తో తగ్గదు, డాక్టరు గుంట కడిగి లవంగనూనె కలిపిన డ్రెస్సింగ్ పెడితే గంటల్లో తేలికపడుతుంది.

గుడాకు మాట ఇక్కడే చెప్పాలి. అది పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ముద్ద. నికోటిన్ వల్ల చిగుళ్ళలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, గాయం మానడం ఆలస్యమవుతుంది, తోమేటప్పుడు ఉమ్మే ఊపుకి నెత్తురుగడ్డ ఊడిపోతుంది. పన్ను తీయించే ముందు రెండు రోజులు, తర్వాత కనీసం వారం ముట్టుకోవద్దు. ఆ పది రోజులు ఆపగలిగితే పూర్తిగా మానడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. తలనొప్పి, చిరాకు మొదటి మూడు నాలుగు రోజులే ఎక్కువ. పొగాకు మాన్పించే ఉచిత నంబరు 1800-11-2356 ఉంది. సిగ్గుపడకుండా డెంటిస్టుకి కూడా చెప్పండి. గుడాకు ఆనే చోట తెల్లమచ్చలేమైనా ఉన్నాయేమో చూస్తారు. ఇంట్లో అమ్మగారో నాయనమ్మగారో కూడా గుడాకు వాడుతుంటే ఆ పరీక్ష వాళ్ళకి మీకన్నా ముందు కావాలి.

నొప్పి మాత్రల విషయంలో ఒక్క ముక్క. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీ మేనమామ ఇంట్లోనే ఉంది. పని మొదలుపెట్టకముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని ఆ కాగితం డెంటిస్టుకి చూపించండి. మందుల షాపువాడు అలవాటుగా ఇచ్చే డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్ కిడ్నీలకి మంచివి కావు. ఈ పనికి చాలావరకు పారాసిటమాల్ సరిపోతుంది.

ఎక్కడికెళ్ళాలి? పరీక్షలకి, రూట్ కెనాల్‌కి పర్లాకిమిడిలోనే ఎక్స్‌రే మెషీన్, రబ్బరు షీటు వాడే క్లినిక్ చూసుకోండి. రెండు మూడు సిట్టింగుల వైద్యానికి పెద్ద పేరున్న ఊరికన్నా, మూడోసారి కూడా తప్పకుండా వెళ్ళగలిగే ఊరు ముఖ్యం. సగంలో ఆగిన రూట్ కెనాల్ మొదలుపెట్టనిదానికన్నా హీనం. వేరు వంకరగా ఉందనో, నరం మరీ దగ్గరనో చెబితే అప్పుడు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, కటక్ ఎస్సీబీ డెంటల్ కాలేజీకో, గుణుపురం పాసింజరెక్కి విశాఖలోని డెంటల్ కాలేజీలకో వెళ్ళండి. ఎక్కడికెళ్ళినా బయాప్సీ రిపోర్టు, వాడిన మందుల చీటీలు అన్నీ ఒక కవర్లో పట్టుకెళ్ళండి.

పుండు వైద్యం లేకుండానే హఠాత్తుగా మూసుకుని చెంప ఉబ్బితే చీముకి దారి ఆగిందని గుర్తు, అదే రోజు చూపించుకోండి. దవడ కింద రెండు వైపులా చెక్కలా గట్టిపడటం, నాలుక పైకి లేవడం, నోట్లో రెండు వేళ్ళు కూడా పట్టకపోవడం, లాలాజలం మింగలేకపోవడం, గొంతు మారడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా పన్ను క్లినిక్కి కాదు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఆ వాపు గంటల్లోనే శ్వాసనాళాన్ని మూసేయగలదు.

పెళ్ళివారి సంగతికొస్తే, పన్నే అని తేలితే ఇది అంటుకునేది కాదు, వంశంలో వచ్చేదీ కాదు. దాచి, చున్నీ కప్పుకుని కూర్చుంటే ఎవరో ఒకరు కుట్ల మచ్చ చూసి టీబీ అని ఊహించుకుంటారు, ఆ ఊహ మీ ఇంటి నుంచే బయటికెళ్ళిన మాటతో కలుస్తుంది. "పన్ను చీము పట్టి బయటికొచ్చింది, వైద్యం జరుగుతోంది" అని అమ్మగారే మామూలుగా అనేస్తే అక్కడితో సరి. చూపులు ఒక నెల వాయిదా వేయమని అడిగినా తప్పు లేదు. సంబంధం నచ్చినవాళ్ళు నెలకి పోరు. ఈ రెండింటిలో ఏది మీ ఇంటి పద్ధతికి సరిపోతుందో మీకే తెలుసు.

మచ్చకి ఇప్పుడే ఏ క్రీమూ వద్దు. చీముదారి ఎముకకి అతుక్కుని ఉండటం వల్ల మూసుకున్నాక చర్మం చిన్న గుంటలా లోపలికి లాగినట్టుంటుంది. నెలలు గడిచేకొద్దీ అది కొంత తేలుతుంది. ఆరు నెలల తర్వాత ఎక్స్‌రే మళ్ళీ తీయించండి, ఎముక నిండటం కనబడాలి. అప్పటికీ గుంట మీకు బాధగా ఉంటే ప్లాస్టిక్ సర్జను మత్తు సూదితో ఆ అతుకు విడదీస్తారు, చిన్న పనే. రూట్ కెనాల్ అయి నెల దాటినా పుండు తడిగానే ఉంటే మాత్రం క్రీము కోసం కాదు, నాలుగో దారి వెతికారా లేదా అని అడగడానికి అదే డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్ళండి.